జానీ ఆపిల్‌సీడ్: రేకు గిన్నె కింద మనిషి

అమెరికాలో పెరిగే మన పిల్లలకి చిన్న తరగతుల్లోనే పరిచయమయ్యే జానపద వీరుడు జానీ ఆపిల్‌సీడ్. కాళ్ళకి చెప్పులుండవు. నెత్తిన టోపీ బదులు రేకు గిన్నె, భుజాన విత్తనాల సంచి. దారి పొడవునా గింజలు చల్లుకుంటూ పోతాడు, వెనకాలే తోటలు మొలుస్తాయి. వినడానికి ముచ్చటైన కథే. కాకపోతే దీన్ని ఇలా ఎవరు మలిచారు, మలుస్తూ ఏం వదిలేశారు అన్నది కూడా పెద్దవాళ్ళం తెలుసుకోవాలని నాకనిపిస్తుంది.

అసలు పేరు జాన్ చాప్‌మన్. 1774 సెప్టెంబర్ 26న మసాచుసెట్స్‌లోని లెమిన్‌స్టర్‌లో పుట్టాడు, 1845లో ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో కన్నుమూశాడు. సాదాసీదాగా బతికిన మాట, స్వీడన్‌బోర్గ్ మతబోధలు ఊరూరా పంచిన మాట నిజమే. కానీ గింజలు గాలికి చల్లలేదు. పెన్సిల్వేనియాలో సైడర్ మిల్లుల దగ్గర మిగిలిన పిప్పిలోంచి గింజలు ఏరుకుని, జనం ఇంకా చేరని ఓహాయో లోయల్లోకి ముందే వెళ్ళి, కంచె కట్టి నారు పెంచేవాడు. తర్వాత వచ్చినవాళ్ళకి మొక్కలు అమ్మేవాడు. ఓహాయో కంపెనీ ఉచితంగా పంచిన కొన్ని భూముల్లో, 50 ఆపిల్ లేదా పియర్ చెట్లు నాటితేనే పట్టా దక్కేది. గిరాకీ ఎక్కడ పుడుతుందో ముందే కనిపెట్టాడన్నమాట! మా సాఫ్ట్‌వేర్ వాళ్ళయితే దీన్ని స్టార్టప్ అంటారు. పోయేనాటికి ఆయన పేరున వందల ఎకరాలున్నాయి.

ఇక పళ్ళ సంగతి. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి కాయదు, అంటు కట్టాల్సిందే. ఆపిల్ కూడా అంతే. అంటు కట్టడం చెట్టుని హింసించడమేనని చాప్‌మన్ నమ్మేవాడంటారు. అలా గింజలనుంచి వచ్చిన చెట్ల కాయలు చాలావరకు పుల్లగా, వగరుగా ఉండేవి. అవి తినడానికి కన్నా పులియబెట్టి సైడర్ చేసుకోవడానికే ఎక్కువ పనికొచ్చేవి.

మరి ఈ వ్యాపారి సన్యాసి ఎలా అయ్యాడు? 1871లో హార్పర్స్ మాసపత్రికలో డబ్ల్యూ. డి. హేలీ రాసిన వ్యాసం ఆయన్ని దేశమంతటికీ పరిచయం చేసింది. అంతర్యుద్ధం ముగిసి అప్పటికి ఆరేళ్ళే. ఎవరినీ నొప్పించని వీరుడొకడు జనానికి కావలసిన సమయం. 1948లో డిస్నీ ‘మెలొడీ టైమ్’లో ఏకంగా దేవదూతే వచ్చి ఆయన్ని స్వర్గానికి తీసుకుపోతాడు. 2001లో మైకేల్ పోలన్ ‘ది బోటనీ ఆఫ్ డిజైర్’లో సైడర్ గుట్టు విప్పి, చాప్‌మన్‌ని అమెరికా డయోనిసస్ అన్నాడు, అంటే గ్రీకుల మద్యదేవత. చదవడానికి హాయిగా ఉండే పుస్తకమది. అయినా ఒక పురాణం తీసి ఇంకో పురాణం పెట్టినట్టే నాకు తోచింది. సన్యాసైనా, మద్యదేవతైనా, మొక్కల వెనకున్న పట్టా కాగితం మాత్రం మన కంటికి ఆనదు.

ఆ పట్టాలు ఎవరి నేల మీదివి? 1812 యుద్ధంలో చాప్‌మన్ మాన్స్‌ఫీల్డ్ నుంచి మౌంట్ వెర్నన్‌కి సాయం కోసం రాత్రికి రాత్రి పరుగెత్తాడని గొప్పగా చెబుతారు. అదే ఏడాది, ఆ దగ్గర్లోనే ఉన్న గ్రీన్‌టౌన్ అనే లెనాపీ ప్రజల ఊరిని ఖాళీ చేయించారు. తర్వాత స్థానిక సైనికులు దాన్ని తగలబెట్టారు. మా పిల్లలు బడినుంచి తెచ్చిన కాగితాల్లో ఆ ఊరి పేరు నాకెక్కడా కనిపించలేదు.

చాప్‌మన్‌ని దుర్మార్గుడనడం నా ఉద్దేశం కాదు. లెనాపీలతో ఆయన స్నేహంగా మెలిగాడనే చెబుతారు. కాకపోతే మంచివాడు నాటిన మొక్క కూడా ఆ రోజుల్లో సరిహద్దు రాయిలా పనిచేసింది. దూరం నుంచి వచ్చి ఈ నేల మీద ఇళ్ళు కొనుక్కున్న వాళ్ళం మనం కూడా. కాబట్టి మన పిల్లలకి రేకు గిన్నె కథ చెప్పే రోజున, గ్రీన్‌టౌన్ పేరు కూడా చెబుదాం. అర్థం చేసుకోలేనంత చిన్నవాళ్ళేం కాదు వాళ్ళు.