సెలవడిగిన సింఫనీ

1772. హంగరీలోని ఎస్టర్‌హాజా భవనంలో నికొలాస్ ఎస్టర్‌హాజీ ప్రభువు విడిది ఎంతకీ ముగియడం లేదు. ఆయన కదిలితే గాని ఆస్థాన వాద్యగాళ్లు కదలడానికి లేదు. వాళ్లలో చాలామంది ఆలుబిడ్డలు దూరాన ఐసెన్‌స్టాట్‌లో ఉన్నారు. బెంగపెట్టుకున్న వాద్యగాళ్లు జోసెఫ్ హైడన్‌తో మొరపెట్టుకున్నారు.

హైడన్‌ది ఇరకాటం. బృందానికి ఆయన పెద్ద, ప్రభువుకు కొలువుకాడు. 1761 నాటి ఒప్పందం ప్రకారం కొలువు దుస్తుల్లో పూటపూటా ఆజ్ఞ కోసం వేచి ఉండాలి. వాద్యగాళ్ల మధ్య తగవులొస్తే తీర్చవలసిందీ ఆయనే. నోరు విప్పితే ధిక్కారం, విప్పకపోతే తనవాళ్లకు ద్రోహం. ఆయన ఆ మొరను సంగీతంలోనే పెట్టి ప్రభువుకు వినిపించాడు. అదే 45వ సింఫనీ, 'ఫేర్‌వెల్'.

ఎంచుకున్న శ్రుతిలోనే అలజడి ఉంది. ఎఫ్ షార్ప్ మైనర్ ఆనాటి సింఫనీల్లో దాదాపు ఎవరూ ముట్టనిది. ఆ శ్రుతిలో పలకడానికి హార్న్‌లకు ప్రత్యేకంగా గొట్టాలు చేయించవలసి వచ్చింది. మొదటి భాగంలో వయొలిన్లు పైనుంచి కిందికి విసురుగా దూకుతుంటాయి. నడుమ ఒక్కసారి మెత్తని కొత్త రాగమొకటి వినిపించి, మళ్లీ కనబడకుండా పోతుంది. ఇంటి జ్ఞాపకం లాగే.

అసలు పనితనం చివరి భాగంలో ఉంది. వేగంగా పరుగెత్తే సంగీతం ఉన్నట్టుండి ఆగి, నెమ్మదైన అడాజియో మొదలవుతుంది. మొదటి ఓబో, రెండో హార్న్ తమ వంతు పలికి లేచి వెళతాయి. తర్వాత బాసూన్, ఆపైన రెండో ఓబో, మొదటి హార్న్. కొందరికి వెళ్లేముందు సొంతంగా నాలుగు మాటలు చెప్పుకునే చోటిచ్చాడు హైడన్. రోజూ గుంపులో కలిసిపోయే గొంతుకు అది గొప్ప మర్యాద.

డబుల్ బాస్ వంతు చూడండి. ఎప్పుడూ అడుగున ఉండి అందరినీ మోసే వాద్యం అది. ఇక్కడ ఒంటరిగా ముందుకొచ్చి, ఏ మేజర్‌లో సాగుతున్న సంగీతాన్ని ఎఫ్ షార్ప్ గుమ్మం దాకా తెచ్చి దించి, తాను వెళ్లిపోతుంది. అంటే మనుషులకంటే ముందు పాట ఇల్లు చేరింది! బయల్దేరినప్పటి ఆధారస్వరమే, కానీ మైనర్ పోయి మేజర్ అయింది. తర్వాత చెల్లో, వయొలిన్ల గుంపు, వయోలా వెళ్లిపోతాయి. చివరికి మ్యూట్ బిగించిన రెండు వయొలిన్లు మిగిలి, సన్నగా పలికి ఆగిపోతాయి.

ఇందులో నిందించే స్వరం ఒక్కటీ లేదు. అయినా ఖాళీ అయిన ఒక్కో కుర్చీ ఒక్కో అర్జీ. ప్రభువుకు అర్థమై, మర్నాడే ప్రయాణానికి ఆజ్ఞ ఇచ్చాడంటారు.

ఈ సింఫనీ వింటే చివరి భాగంతో సరిపెట్టుకోకండి, మొదటి నుంచి వినండి. ఆ తొలి అలజడి చెవిలో ఉంటేనే చివరి రెండు వయొలిన్ల శాంతి విలువ తెలుస్తుంది.