తిరుగుబాటు వేషం – సరుకు సంస్కృతి

యువకుల వేషాన్ని చూసి విచ్చలవిడితనమని ఈసడించడం ఎంత తేలికో, ప్రతి చిరిగిన చొక్కాలోనూ విప్లవాన్ని చూడడమూ అంతే తేలిక. ఈ రెండూ విమర్శ కాదు. ఆ వేషం ఏ వర్గంలో పుట్టింది, చివరికి ఎవరి చేతికి చేరింది అన్నదే అసలు ప్రశ్న.

రెండో ప్రపంచ యుద్ధానంతరం లండన్ సావిల్ రో దర్జీలు ఏడో ఎడ్వర్డ్ కాలపు పొడవాటి కోటును సంపన్నుల కోసం మళ్ళీ తెచ్చారు. 1950ల మొదట్లో శ్రామికవాడల కుర్రవాళ్ళు దాన్ని సొంతం చేసుకున్నారు. బిగుతు పంట్లాం, మందపాటి అడుగున్న బూట్లు, నూనె రాసి ఎత్తి దువ్విన జుట్టు – వీళ్ళే టెడ్డీ బాయ్స్. కూలివాడి ఒంటిమీదికి రాగానే ఆ కోటు దొరలకు రుచించకుండా పోయింది. వర్గ సమాజంలో బట్టకూ వర్గం ఉంటుంది.

అయితే చైతన్యం లేని ధిక్కారం ఎటైనా తిరుగుతుంది. 1958లో నాటింగ్ హిల్‌లో కరీబియన్ వలస ప్రజలపై దాడి చేసిన మూకల్లో టెడ్డీ బాయ్స్ ఉన్నారు. కోటు మారింది గాని శత్రువెవరో తెలియలేదు.

1970లలో వచ్చిన పంక్ యువకులు చిరిగిన బట్టలకు పిన్నీసులు గుచ్చుకుని వ్యవస్థను వెక్కిరించారు. కాని ఆ వేషం సగం వీధిలో పుడితే, సగం కింగ్స్ రోడ్‌లో వివియన్ వెస్ట్‌వుడ్, మాల్కం మెక్‌లారెన్‌ల దుకాణంలో పుట్టింది. వెస్ట్‌వుడ్‌కు 1992లో రాజ పురస్కారం కూడా దక్కింది.

డిక్ హెబ్డిజ్ 1979లో వెలువరించిన ‘సబ్‌కల్చర్’ గ్రంథం ఈ వేషాలను ప్రతిఘటన సంకేతాలుగా చదివింది. మార్కెట్ వాటిని సరుకుగా మార్చుకుంటుందనీ ఆయన గుర్తించాడు. అది విలువైన పరిశీలనే. కాని ఆ అధ్యయనాల్లో కుర్రవాళ్ళే తప్ప ఆడపిల్లలేరని 1980లో ఏంజెలా మెక్‌రాబీ నిలదీసింది. న్యాయమైన ప్రశ్న. దానికి మరొకటి చేర్చాలి: ఈ బట్టలు కుట్టిన చేతులేవి?

2013 మేలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పంక్ దుస్తులను ప్రదర్శనకు పెట్టింది. అంతకు కొద్ది రోజుల ముందే, ఏప్రిల్ 24న, బంగ్లాదేశ్‌లో పాశ్చాత్య కంపెనీలకు బట్టలు కుట్టే రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు స్త్రీలు.

వేషంలోని ధిక్కారాన్ని రచయిత తప్పక గుర్తించాలి. కాని తొడిగినవాడి దగ్గరే ఆగిపోయే విమర్శ సగం విమర్శే. కుట్టినవారి దాకా వెళ్ళినప్పుడే అది పూర్తవుతుంది.