గొఱ్ఱెపిల్లలకు సున్నము: ఒక పాఠ్యసూత్రముపై విమర్శ

పశుపోషణ పాఠములలో తరచుగా కనిపించు సూత్రమొకటి కలదు: ఎదుగుచున్న గొఱ్ఱెపిల్ల మేతలో కాల్షియము రెండుపాళ్ళు, భాస్వరము ఒకపాలు ఉండవలెను. దీనికి ఆధారము లేకపోలేదు. ఎముకలోని ఖనిజమున ఈ రెండింటి తూకము సుమారు 2.15:1 నిష్పత్తిలో ఉండును. కాని ఈ సూత్రము పాళ్ళను మాత్రమే చెప్పును. ఆ కాల్షియము ఏ పదార్థమునుండి వచ్చుచున్నదో, దానివలన భాస్వరమేమగుచున్నదో చెప్పదు. ఈ లోపము చిన్నది కాదు.

గొఱ్ఱె నెమరువేయు జంతువు. అది మ్రింగు లాలాజలముతో రక్తములోని భాస్వరము మరల పొట్టలోనికి చేరుచుండును. ఆ మొత్తము తరచుగా నాటి మేతలోని భాస్వరమునకు తీసిపోదు. మిగులు ప్రధానముగా పెంటికలతో పోవును. అందుచే భాస్వరము చాలినంత ఉన్నప్పుడు కాల్షియము దానికి ఏడురెట్లున్నను గొఱ్ఱె తట్టుకొనగలదు. రెండుపాళ్ళను గీటు అంత కఠినమైనది కాదు.

భాస్వరము కొఱతపడినప్పుడే చిక్కు. వేసవిలో బీళ్ళపై ఎండిన గడ్డిలోను, వరిగడ్డిలోను అది స్వల్పము. ఎముకలు గట్టిపడునని అట్టి మేతలో ఆల్చిప్పల పొడియో, సున్నపురాతి పొడియో మితిమీరి కలుపుట పొరపాటు. కాల్షియము కార్బొనేటులో కాల్షియము 40 శాతము, భాస్వరము శూన్యము. అధిక కాల్షియము ప్రేవులలోని కొద్దిపాటి భాస్వరమును కరగని ఫాస్ఫేటుగా మార్చును. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున కన్వర్టరులో సున్నము వేయుటకు ఒక కారణమును ఇట్టిదే: ఉక్కును పెళుసుగావించు భాస్వరమును అది చిట్టెములోనికి లాగికొనును. ఉక్కునకు మేలైన ఈ పని పిల్లకు కీడు. దానికి ఆకలి మందగించి, ఎదుగుదల కుంటుపడును.

తవుడు మేపునప్పుడు కథ తలక్రిందులగును. అందు భాస్వరము సుమారు 1.5 శాతము, కాల్షియము సుమారు 0.1 శాతము. తవుడు అధికమైనచో నెమరును లాలాజలమును తగ్గి, భాస్వరము మూత్రములోనికి చేరును. పొట్టేలు పిల్లల మూత్రమార్గమున రాళ్ళేర్పడును. అచ్చట సున్నపురాతి పొడియే తగిన నివారణ.

ఎండుగడ్డిపై బ్రతుకు పిల్లకు డైకాల్షియము ఫాస్ఫేటు మేలు. నీటితో కూడిన స్ఫటికరూపమున అందు కాల్షియము 23, భాస్వరము 18 శాతము ఉండును. ఎరువులకై విశాఖ రేవున దిగు ఫాస్ఫేటు రాతిలోను రెండును కలవు. కాని సాధారణముగా 3, 4 శాతముండు ఫ్లోరిన్‌ను తొలగింపక దానిని మేతలో కలిపినచో పండ్లును, ఎముకలును చెడును.

కావున పాఠమునుండి సూత్రమును తీసివేయనక్కరలేదు. దానికి ముందు రెండు ప్రశ్నలు చేర్చిన చాలును: మేతలో భాస్వరమెంత? కాల్షియము ఏ రూపమున ఉన్నది? ఉపాధ్యాయులు సున్నపుతేటలో సోడియము ఫాస్ఫేటు ద్రావణము కలిపి చూపవచ్చును. తెల్లని అవక్షేపము అడుగునకు దిగును. దానిని కన్నులార చూచిన విద్యార్థి, ఇంటివద్ద మేతలో సున్నము కలుపుటకు ముందు ఆ ప్రశ్నలు తప్పక అడుగును.