తాళం వేసిన గది

నాచారం పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న ఒక గల్లీలో, రేకుల కప్పు కింద వరసగా ఆరు గదులు. అన్నిటికీ కలిపి ఒకటే నల్లా, ఒకటే బాత్‌రూమ్. సర్వేల పనిలోకి నేను కొత్తగా వచ్చిన రోజులవి. ఒకనాడు పొద్దున పదకొండున్నరకు, అట్టకు బిగించిన ప్రశ్నావళి పట్టుకుని ఆ వరస ముందు నిలబడ్డాను. నా జాబితాలో ఉన్నది నాలుగో గది. దానికి తాళం.

మూడో గది గడపలో ఒక పెద్దామె చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. "వాళ్లు డ్యూటీకి పోయిండ్రు బిడ్డా. నన్నడుగు, నేను చెప్త" అంది. కూర్చున్నాను, అడిగాను. నాలుగో గదిని కొట్టేసి మూడో గదిని రాసుకున్నాను. మా సూపర్‌వైజర్ చెప్పిందీ అదే: తాళం ఉంటే పక్కింటితో సర్దెయ్.

ఆ సర్వే ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్యం గురించి. నెల తిరిగాక పట్టికలు చేతికొచ్చాయి. అనుకున్నన్ని ప్రశ్నావళులూ నిండాయని మా సంస్థలో అందరూ సంతోషించారు. నేను కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాను. ముసలివాళ్లున్నారు, రిటైరైనవాళ్లున్నారు, పసిపిల్లల తల్లులున్నారు, కాలు విరిగి ఇంట్లో పడుకున్న ఒకాయన ఉన్నాడు. ఫ్యాక్టరీ గేట్లకు కూతవేటు దూరంలో తిరిగి రాసిన ఆ కాగితాల్లో ఫ్యాక్టరీకి పోయే మనిషే కనబడలేదు.

పుస్తకాల్లో దీన్ని నాన్ రెస్పాన్స్ అంటారు. ఆ మాట వింటే జవాబు ఇవ్వనివాళ్లది తప్పు అన్నట్టు తోస్తుంది. వాళ్లు ఇవ్వననలేదు. పది నుంచి ఐదు దాకా తిరిగింది మేము. ఫస్ట్ షిఫ్ట్ మనిషి తెల్లారకముందే లేచి ఆరింటికి పంచ్ కొడతాడు, మధ్యాహ్నం రెండింటికి షిఫ్ట్ అయ్యాక ఓటీ చేస్తాడు. సెకండ్ షిఫ్ట్ అతను పొద్దున ఉంటాడుగానీ సరుకులకో ఈఎస్ఐ ఆస్పత్రికో వెళ్తాడు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాడు గదిలోనే ఉంటాడు. వెలుతురు పడకుండా కిటికీకి అట్ట పెట్టుకుని, మనుషులు లేపకుండా పక్కగదివాళ్ల చేత బయట తాళం వేయించుకుని నిద్రపోతాడు. నేను తట్టకుండా వచ్చేసిన ఆ నాలుగో గదిలో, ఆ పూట అలాంటివాళ్లు ఇద్దరున్నారని తర్వాత తెలిసింది.

అసలు చిక్కు ఏమిటంటే, సర్దేసిన కాగితం చూడటానికి శుభ్రంగా ఉంటుంది. 'తాళం' అని రాసిన కాగితం వెలితిగా కనబడుతుంది. పైవాళ్లు దాన్ని చూసి కోప్పడతారు. కానీ నిజం చెప్పేది ఆ రెండోదే. ఇక్కడొక మనిషి ఉన్నాడు, మేము వాణ్ని కలవలేకపోయాం అని అది ఒప్పుకుంటుంది. పక్కింటితో నింపినప్పుడు ఆ మనిషితో పాటు అతను లేడన్న గుర్తు కూడా చెరిగిపోతుంది.

ఇది నాచారంలోనో ఉప్పల్‌లోనో పుట్టిన బాధ కాదు. అమెరికాలో 1946లో హాన్సెన్, హర్విట్జ్ అనే ఇద్దరు గణాంకవేత్తలు ఒక ఉపాయం చెప్పారు. ఉత్తరాలతో సర్వే చేస్తే జవాబు రాయనివాళ్లు మిగులుతారు కదా. వాళ్లందరి వెంటా పడేంత డబ్బు ఉండదు. ఆ మిగిలినవాళ్లలోంచి కొందరిని లాటరీ పద్ధతిలో ఏరి, వాళ్ల ఇంటికి మనిషిని పంపండి అన్నారు. ఆ కొందరు మిగతావాళ్ల తరఫున పలుకుతారు.

1949లో పొలిట్జ్, సిమన్స్ అనే మరో ఇద్దరు, మళ్లీ మళ్లీ వెళ్లే పనే లేకుండా చూద్దామనుకున్నారు. వాళ్ల పద్ధతి నాకు ఎంతో ఇష్టం. సాయంత్రం తలుపు తీసినవాళ్లను అన్ని ప్రశ్నలూ అడిగాక ఇంకొక్కటి అడగాలి: గడిచిన ఐదు సాయంత్రాల్లో ఈ వేళకు మీరు ఎన్నిసార్లు ఇంట్లో ఉన్నారు? ఐదుసార్లూ ఉన్నానన్న మనిషిని ఒకరిగానే లెక్కిస్తారు. ఒక్కసారీ లేను, ఇవాళే ఇలా దొరికాను అన్న మనిషి ఆరు సాయంత్రాల్లో ఒక్కసారి దొరికే రకం. అంటే అతనిలాంటి ఇంకో ఐదుగురి తలుపులు ఇవాళ మూసి ఉంటాయన్నమాట. కాబట్టి అతని జవాబును ఆరుగురి కింద లెక్కిస్తారు. అరుదుగా దొరికే మనిషి మాటకు ఎక్కువ బరువు. రెండు చోట్ల మేమూ దీన్ని వాడాం. అయితే దీనికీ ఒక హద్దుంది. ఆ వేళకు ఎప్పుడూ ఇంట్లో ఉండని మనిషి ఆరింట ఒకసారి కూడా తగలడు. సున్నాను ఎంతతో హెచ్చించినా సున్నానే కదా. అలాంటివాడి కోసం మనం వెళ్లే వేళే మారాలి.

మనిషిని కలిసే దారే లేకపోతే? దీనికి జవాబుగా నేను కొత్తవాళ్లకు చెప్పే కథ ఒకటుంది. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మన సి.ఆర్.రావు గారు 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' అనే పుస్తకంలో రాశారు. 1947లో ఢిల్లీలో మతకలహాలప్పుడు వేలాదిమంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్లకు తిండి పెట్టే పని కాంట్రాక్టర్లది. ఎంతమందికి పెట్టామో కాంట్రాక్టర్లు చెప్పిందే లెక్క, లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే వీలు ప్రభుత్వానికి లేదు. బిల్లులు మాత్రం కొండల్లా వస్తున్నాయి. గణాంకవేత్తలు ఆ బిల్లులే తెప్పించుకున్నారు. ఒక మనిషి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు తింటాడో పాత సర్వేల వల్ల వాళ్లకు తెలుసు. బియ్యం లెక్కన చూస్తే జనం చాలా ఎక్కువ తేలారు. ఉప్పు లెక్కన చూస్తే బాగా తక్కువ. వాళ్లు ఉప్పునే నమ్మారు. చవకైన సరుకు గనుక, దాని బిల్లు పెంచితే ఎవరికీ మిగిలేదేమీ లేదు. రావు గారి సహోద్యోగి జె.ఎం.సేన్‌గుప్తాకు తట్టిన ఉపాయమిది.

ఆ ఇన్‌స్టిట్యూట్ హైదరాబాద్ శాఖ మాకు దగ్గర్లోనే, హబ్సీగూడ స్ట్రీట్ నంబర్ ఎనిమిదిలో ఉంది. అటుగా వెళ్లినప్పుడల్లా నాకు ఆ ఉప్పు బస్తాలు గుర్తొస్తాయి. ఆ కథ చదివినప్పటి నుంచి తాళం వేసిన గదుల ముందు నా చూపు మారింది. గడప దగ్గర ఎన్ని జతల చెప్పులు, తీగ మీద ఎన్ని యూనిఫాం చొక్కాలు, నల్లా దగ్గర ఎన్ని బకెట్లు. ఓనరు "ఒక్కడే ఉంటడు" అంటాడు. నలుగురంటే నీళ్ల పైసలు, కరెంటు పైసలు అడగాల్సి వస్తుందని కిరాయికుండేవాళ్లూ తక్కువే చెబుతారు. తీగ మీది చొక్కాలకు అలాంటి భయమేమీ లేదు.

కానీ చొక్కాలు ఎంతమందో చెబుతాయి, వాళ్ల సంగతి చెప్పలేవు. అందుకే, మొదటి పట్టికలు చూసిన ఆ వారంలోనే, ఎవరూ చెప్పకుండా, ఒక ఆదివారం పొద్దున్నే మళ్లీ ఆ రేకుల వరసకు వెళ్లాను. ఆ గదికి అది నా రెండో ప్రయాణం. నాలుగో గది తలుపు తీసి ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో, ఒకతను స్టవ్ ముందు గొంతుక్కూర్చుని ఉల్లిగడ్డ కోస్తున్నాడు. ప్రశ్నావళిలో ఉన్నది ఉన్నట్టు అడిగాను.

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారన్నా?"

"ఏడుగురం అక్కా. అమ్మ, బాపు, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, తమ్ముడు."

గది చూశాను. రెండు చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. ఏడుగురు కూర్చునే చోటు కూడా లేదు.

"అందరూ ఇక్కడేనా?"

"ఈడెక్కడ అక్కా, ఊర్ల. మాది జనగామ దిక్కు. ఇది రూము."

ఇల్లు వేరు, రూము వేరు. ఇరవై ఐదు పేజీల ప్రశ్నావళిలో ఎక్కడా రూము అన్న మాట లేదు. ఇంగ్లీషులో హౌస్‌హోల్డ్ అని రాసుకుని, దాన్ని ఇల్లు, కుటుంబం అని తెలుగు చేసుకుని వచ్చాం. అతని మనసులో ఇల్లంటే ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సెక్కితే రెండు గంటలకు వచ్చేది. అతను నాకు అబద్ధం చెప్పలేదు, నేను అడిగినదానికే జవాబిచ్చాడు. "ఈ రూములో ఎంతమంది పండుకుంటారు?" అని మార్చి అడిగాను. నలుగురం అన్నాడు. ఇద్దరు నైట్, ఇద్దరు ఫస్ట్ షిఫ్ట్. ఒకళ్లు లేచాక ఒకళ్లు. నలుగురికి రెండే చాపలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

వెళ్లబోతుంటే పెద్దామె పిలిచి కూర్చోబెట్టింది. ఆమె ముందు మళ్లీ చింతపండే, ఇంత పెద్ద కుప్ప. మొదటిసారి వచ్చినప్పుడూ అంతే కుప్ప ఉంది. ఒక ఇంటికి అంత చింతపండు ఎందుకన్న ఆలోచన ఆరోజు నాకు రానేలేదు. "ఏం పని చేస్తావమ్మా" అంటే, "నాకేం పని బిడ్డా, ఇంట్లనే కూసుంట" అని ఆమె అంది, పని లేదు అని నేను రాసుకున్నాను. షాపువాళ్లు బస్తా తెచ్చి పడేస్తారని, గింజ తీసి ఇస్తే కిలోకు ఇంతని ఇస్తారని ఆదివారం నాడు తెలిసింది. జాతీయ నమూనా సర్వేలో 92 అని ఒక కోడ్ ఉంది, ఇంటిపని మాత్రమే చేసేవాళ్లకు వేసేది. దేశంలో ఎంతమంది ఆడవాళ్లు చేతినిండా పనితో ఆ కోడ్ కిందికి వెళ్లిపోయారో అని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాను. పనిచేసే మనిషిని వదిలేసి పనిలేని మనిషిని రాశాననే నా బాధ కూడా అరకొరదే. నేను రాసిన మనిషీ కార్మికురాలే.

ఊళ్లలో సర్వేలు చేసినవాళ్లకు ఈ తాళం బాధ వేరేలా తీరింది. 1951-52లో ఉస్మానియా నుంచి ఎస్.సి.దూబే బృందం మా ఈ జిల్లాలోనే ఉన్న శామీర్‌పేటలో ఉండి అధ్యయనం చేసింది. 1975 నుంచి ఇక్రిశాట్‌వాళ్లు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లిలో పరిశోధకులను కాపురం పెట్టించి, 40 కుటుంబాలను ఏళ్ల తరబడి పలకరించారు. పొలం నుంచి ఎప్పుడొస్తారో తెలిసినవాడికి తాళం అడ్డం కాదు. పదకొండు నెలల కిరాయి కాగితాల మీద బతికే ఉప్పల్, రామంతాపూర్, చిలకానగర్‌లలో ఏళ్ల తరబడి అదే గదిలో అదే మనిషి దొరకడు. ఇక్కడ మనకున్నది మళ్లీ వెళ్లడం ఒక్కటే.

ప్రభుత్వ లెక్కలకూ ఇదే గతి. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే ఒక్కరోజులో జరిగింది. సెలవిచ్చారు, రోడ్లు బోసిపోయాయి. ఇల్లు అంటే ఊరే అనుకున్నవాళ్లు ముందురోజే బస్సుల్లో కిక్కిరిసి ఊళ్లకు వెళ్లి అక్కడ పేరు రాయించుకున్నారు. ఆ రోజు ఉప్పల్ గదులకు పడిన తాళాలు అన్నీ ఇన్నీ కావు. 2024 నవంబర్ 6న మొదలైన కుల సర్వేలో దారి మార్చారు. ముందు ఇళ్లకు స్టిక్కర్లు, ఆ తర్వాత 75 ప్రశ్నలతో వారాల తరబడి తిరగడం. మా వీధికి వచ్చిన టీచరమ్మ మధ్యాహ్నం దాకా బడి చెప్పి, ఎండలో మూడు అంతస్తులెక్కి వచ్చేది. మా పై పోర్షన్ కోసం నాలుగుసార్లు వచ్చింది. అంతా అయ్యాక దాదాపు 3.56 లక్షల కుటుంబాలు మిగిలిపోయాయని ప్రభుత్వం చెప్పింది. అందులో లక్షకు పైగా ఇళ్లకు తాళాలు. మిగిలినవాళ్ల కోసం 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 దాకా మళ్లీ అవకాశమిచ్చారు. ఎవరెంతమంది అన్నదాని మీద వాటాలు తేలే చోట, ఆ తలుపుల వెనక ఎవరున్నారన్నది చిన్న ప్రశ్న కాదు. లెక్క వేయలేనివాళ్లను లెక్క వేయలేదనే చెప్పి, మళ్లీ తలుపు తట్టిన ఆ పని నాకు నచ్చింది. 2027 మార్చి 1ని ప్రమాణంగా పెట్టుకున్న జనగణనలోనూ ఆ ఓపిక ఉండాలని నా కోరిక.

ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల శిక్షణ కేంద్రం ఉంది. భూమిని కొలిచేవాళ్లు చుట్టూ తిరిగి, చివరికి మొదలుపెట్టిన రాయి దగ్గరికే వచ్చి, ఎంత తేడా వచ్చిందో చూసుకుంటారు. ఆ తేడా రాయకుండా పటం పూర్తయిందనుకోరు. మా సర్వేల్లోనూ ఆ కాలమ్ ఒకటి ఉండాలని పట్టుబట్టి పెట్టించాను: ఎన్ని తాళాలు, ఏ రోజు, ఏ వేళ, ఎన్నోసారి.

మొన్న కొత్తగా వచ్చిన ఒక అమ్మాయికి చిలకానగర్‌లో ఒక గది పడింది. సోమవారం పదింటికి తాళం. బుధవారం సాయంత్రం ఏడింటికి తాళం. "పక్క పోర్షన్‌వాళ్లు చెప్తామంటున్నారు మేడమ్" అని ఫోన్ చేసింది. వద్దన్నాను. శుక్రవారం తెల్లవారుజామున, తమ్ముణ్ని తోడు తీసుకుని వెళ్లింది. ఆరున్నరకు నా ఫోన్ మోగింది.

"తలుపు తీసే ఉంది మేడమ్."

వెనక కుక్కర్ విజిల్ వినబడుతోంది. ఎంతమంది ఉన్నారు అని అడిగాను.

"ఇంకా అడగలేదు మేడమ్. నైట్ డ్యూటీ చేసి ఇప్పుడే వచ్చిండ్రు. అన్నం తినని, తర్వాత అడుగుత."