నీటిని ఎంత తీసేయాలి?

కార్తిక మాసంలో తిరుచానూరులో అమ్మవారి బ్రహ్మోత్సవాలూ ఈశాన్య రుతుపవనాల వానలూ తరచూ జతగానే వస్తాయి. ఆ రోజుల్లో గాలిలో ఉండే తడి తిరుపతిలోని మా ల్యాబ్‌లో పరారుణ స్పెక్ట్రోమీటరుకూ తెలుస్తుంది. సెంటీమీటరుకు 1400 నుంచి 1900 తరంగాల మధ్య సన్నటి ముళ్లలాంటి గీతలు మొలుస్తాయి. అవి నీటి ఆవిరివి. పరికరంలోకి పొడి నైట్రోజన్ వదిలి, అవి అణిగేదాకా కూర్చోవాలి. మేం వెతికే ప్రొటీన్ జాడలు సరిగ్గా అక్కడే ఉంటాయి మరి.

మేం చూసేది, పాలిమర్‌కు రక్తంలోని ప్రొటీన్లు ఎలా అంటుకుంటాయన్నది. ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రిలో డయాలసిస్‌కు వచ్చేవాళ్లను చూసినవారికి ఇదెందుకో వేరే చెప్పక్కర్లేదు. ఒక్కో విడత నాలుగేసి గంటలు వాళ్ల రక్తం వేలాది సన్నని పాలిమర్ గొట్టాల్లోంచి వెళ్లి మళ్లీ ఒంట్లోకి వస్తుంది. రక్తం తగిలిన కొద్ది క్షణాలకే గొట్టం లోపల ప్రొటీన్ పొర కడుతుంది. తర్వాత వచ్చే కణాలు తాకేది ప్లాస్టిక్‌ను కాదు, ఆ పొరను. రక్తం గడ్డకడుతుందా, వడపోత మందగిస్తుందా అన్నది చాలావరకు దాని చేతిలోనే ఉంది. పైగా ముందొచ్చినవే చివరిదాకా ఉండవు. చిన్నదీ, రక్తంలో ఎక్కువగా ఉండేదీ అయిన ఆల్బుమిన్ ముందు చేరితే, తర్వాత వచ్చిన ఫైబ్రినోజెన్ దాని చోటు తీసుకుంటుంది. దాన్నీ మరొకటి తప్పిస్తుంది. 1960ల్లో దీన్ని పట్టుకున్న లియో వ్రోమన్ డచ్ భాషలో పేరున్న కవి కూడా. ఆ చూపు ఆయనకు కవిత్వం నుంచే వచ్చిందని నాకనిపిస్తుంది.

ఈ పొరను చూడటానికి జెర్మేనియం స్ఫటికం మీద పాలిమర్‌ను పల్చటి పొరగా పరుస్తాం. స్ఫటికం లోపల పరావర్తనం చెందే పరారుణ కాంతి దాని అంచు దాటి మైక్రాన్‌లో సగం దూరం కూడా పోదు. అంటుకున్న ప్రొటీన్ పొర అంతకన్నా ఎంతో పల్చన, కొన్ని నానోమీటర్లే. అంటే కాంతికి కనబడేదాంట్లో ఎక్కువభాగం నీరే. ప్రొటీన్ ముఖ్యమైన గుర్తు 1650 దగ్గర ఉంటే, నీరు 1640 దగ్గరే అంతకన్నా బలంగా కాంతిని పీల్చుకుంటుంది. కాబట్టి నీటి స్పెక్ట్రాన్ని విడిగా తీసి, మొత్తంలోంచి తీసేయాలి.

ఎంత తీసేయాలి? ఈ పనిలో మనిషి నిజాయితీకి పరీక్ష ఇక్కడే. ప్రొటీన్ వచ్చి కూర్చున్న చోటు నుంచి నీరు కాస్త తప్పుకుంటుంది. అందువల్ల నీటిని ఉన్నదున్నట్టు తీసేస్తే ఎక్కువ తీసినట్టే. 1650 దగ్గరి శిఖరంలో సొట్ట పడి, దాని ఆకారం మారిపోతుంది. ఆ మార్పును చూసి, ప్రొటీన్ మడతలు విప్పుకుందని రాసేయొచ్చు. నిజానికి విప్పుకున్నదేమీ ఉండదు. తక్కువ తీస్తే నీరే ప్రొటీన్‌లా కనిపించి, అంటుకున్నదాన్ని ఎక్కువగా లెక్కేస్తాం. అందుకని ప్రొటీన్ ఊసులేని చోట చూస్తాం. 2125 దగ్గర నీటికి ఒక బలహీనమైన శిఖరం ఉంది, అది పోవాలి. 1750 నుంచి 2000 వరకు గీత చదునుగా రావాలి. నీటి స్పెక్ట్రాన్ని ఎన్నో వంతు తీయాలో చెప్పే సంఖ్యను 1650 వైపు చూస్తూ సవరించడం మాత్రం నేను ఒప్పుకోను. మనకు కావలసిన ఆకారం వచ్చేదాకా చెయ్యి ఆగదు.

భారజలం వాడితే ఈ చిక్కు తగ్గుతుంది. దాని శిఖరం 1200 దగ్గరికి జరిగిపోతుంది. మన మణుగూరులోనే దాన్ని తయారుచేసే కర్మాగారం ఉంది. కానీ రోగి ఒంట్లో పారేది మామూలు నీరే కదా, అందులో కూడా కొలిచి తీరాలి.

చిక్కు నీటితోనే కాదు, పాలిమర్‌తోనూ ఉంది. డయాలసిస్ వడపోత పరికరాల్లో (డయలైజర్లలో) ఎక్కువగా వాడే పాలీసల్ఫోన్‌లో, అది నీటిని ఇష్టపడేలా చేసేందుకు పాలీవినైల్ పైరోలిడోన్ కలుపుతారు. దాని సొంత గుర్తు 1670 దగ్గర, ప్రొటీన్ పక్కనే. నీటిలో అది ఉబ్బుతుంది కూడా. ఉబ్బడం ఆగాకే, ప్రొటీన్ పోయకముందు, ఖాళీ పొర స్పెక్ట్రం తీయాలి. తొందరపడితే ఉబ్బినదంతా ప్రొటీన్ ఖాతాలో పడుతుంది.

మా దగ్గర ఒకే స్పెక్ట్రం నుంచి ఇద్దరు విద్యార్థులు విడివిడిగా నీటిని తీస్తారు, ఒకరి సంఖ్య ఒకరికి చూపించకుండా. రెండూ నోట్‌బుక్‌లోకి ఎక్కుతాయి. వ్యాసం అచ్చయితే గీతతోపాటు ఆ సంఖ్యా అచ్చవ్వాలని నా పట్టు. రెండిటికీ పొంతన కుదరకపోతే స్ఫటికాన్ని కడిగి, పాలిమర్ పొర దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెడతాం.