పటంలో ఊరుంది, వాడ లేదు

ఆరోగ్య బీమా పేదలకు అందాలంటే లెక్కలు కావాలి, పటాలు కావాలి అనే మాట ఈ మధ్య విశ్వవిద్యాలయాల్లోనూ ప్రభుత్వ సమీక్షల్లోనూ తరచుగా వినబడుతోంది. ఈ మాటను తోసిపుచ్చాల్సిన పని లేదు. అయితే ఎవరు లెక్కబెట్టారు, ఏ గీత దగ్గర ఆగారు, ఆ లెక్కతో ఏం చేశారు అని దళితులుగా మనం అడగాల్సి ఉంది.

అమెరికాలో 2010లో ఆరోగ్య బీమా చట్టం వచ్చింది. 2013 అక్టోబర్‌లో నమోదు మొదలైనప్పుడు ఎన్‌రోల్ అమెరికా అనే సంస్థ బీమా లేనివాళ్లు ఎక్కడెక్కడ ఉండొచ్చో లెక్కగట్టింది, పటాలు తయారుచేసింది, ఆ తలుపులు తట్టడానికి కార్యకర్తల్ని పంపింది. అక్కడ లెక్కల పని లేనివాళ్లను వెతకడం. మన దగ్గర అవే లెక్కలు చేసిన పని వేరు.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 నాటికి అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటికీ వచ్చింది. దానికి ప్రీమియం లేదు, వేరే నమోదు లేదు. తెల్ల రేషన్‌కార్డే ఆసుపత్రి గడప దాటించింది. పేదవాడికి ఇది మేలే. కానీ దీనికి ఇంకో ముఖం ఉంది. కార్డు పోయిందంటే బియ్యంతోపాటు వైద్యమూ పోతది. 2016లో తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్‌కార్డులు రద్దయినయి. ఇంటింటికీ తిరిగి చూసి చేసిన పని కాదది, కంప్యూటర్‌లో తేల్చేసిన పని. మళ్లీ ఊళ్లోకి పోయి తనిఖీ చేయమని సుప్రీంకోర్టు ఆదేశించేసరికి 2022 ఏప్రిల్ వచ్చింది. రద్దయిన ప్రతి కార్డూ అన్యాయంగానే పోయిందని నేను అనడం లేదు. కానీ అన్యాయంగా పోయినవాళ్లు ఆ ఆరేళ్లలో జబ్బు పడితే ఎక్కడికి పోయారు? ఆ లెక్క ఏ కంప్యూటర్లో ఉంది?

పేర్లు పోల్చి చూసే యంత్రం ముందు మా వాడల పరిస్థితి ఏమిటో చెప్పడానికి మా అమ్మ సంగతే చాలు. కడుపునొప్పితో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. కిటికీ అవతల కూర్చున్నాయన రెండు కాగితాలు చూసి, "ఆధార్‌ల ఒక పేరుంది, రేషన్‌కార్డుల ఒక పేరుంది. ఇండ్ల నువ్వెవరు?" అన్నాడు. "రెండూ నేనే సారూ" అన్నది అమ్మ. ఆయన నవ్విండు. పైసలు కట్టినంకనే లోపలికి పోనిచ్చారు. నేను డిగ్రీ చదివి, పరిశోధన చేస్తూ, ఆ కిటికీ ముందర ఏమీ చేయలేకపోయాను. మా అమ్మ పేరు మేము రాసుకున్నది కాదు. కరణం ఒక తీరుగ రాసిండు, ఓటరు జాబితా రాసినాయన ఇంకో తీరుగ, ఆధార్ యంత్రం దగ్గరి పిలగాడు మరో తీరుగ. ఎల్లమ్మ యల్లమ్మ అయితది, ఇంటిపేరు ముందుకో వెనక్కో పోతది. తరతరాలుగా చదువు దూరం చేసి, ఇప్పుడు అక్షరం తేడా ఉందని వైద్యం దూరం చేయడాన్ని సాంకేతిక లోపం అని ఎట్లా సరిపెట్టుకుంటాం?

ఇక పటం సంగతి. హుజూర్‌నగర్ ప్రాంతాన్ని పటంగా గీస్తే మఠంపల్లి, మేళ్లచెర్వు, గరిడేపల్లి, పాలకీడు అని మండలాలకు రంగులేస్తారు. ఇంకొంచెం ఓపిక ఉంటే గ్రామాలకు వేస్తారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా లంబాడీ తండాలు పంచాయతీలైనయి. అంటే తండా తన పేరుతో పటం మీదికి వచ్చింది. ఇది పోరాడి సాధించుకున్న విషయం. మరి మాదిగవాడ, మాలవాడ? అవి ఊరి అంకెలో కలిసిపోయినయి. 500 ఇళ్ల ఊరు ఒకటి అనుకుందాం. 450 ఇళ్లకు కార్డులున్నయి, నూటికి 90. అధికారి ఆ ఊరికి ఆకుపచ్చ రంగేసి పక్క ఊరికి పోతాడు. కార్డు లేని 50 ఇళ్లూ 100 గడపల వాడలోనే ఉంటే? ఆ వాడలో సగం మందికి బీమా లేదు. ఊరు నుంచి విడదీసి బతకమన్నప్పుడు వాడ వేరు, లెక్కలు చూపేటప్పుడు మాత్రం ఊరూ వాడా ఒక్కటే!

పటం చూపించని దూరం ఇంకొకటి ఉంది. అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో 1929 నాటి కాఠియావాడ్ సంగతి ఒకటి నమోదు చేశాడు. అంటరాని ఉపాధ్యాయుడి భార్య బాలింత, జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఆమెనే బయటికి తెచ్చాక కూడా థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్తకు, భర్త ఆమెకు. ఆమె బతకలేదు. వైద్యుడికీ రోగికీ మధ్య దూరం అక్కడ కొన్ని అడుగులే. కిలోమీటర్లు కొలిచే పటంలో ఈ దూరం ఎక్కడ కనిపిస్తుంది?

అందుకని పటాలు వద్దందామా? వద్దనకూడదు. వాడను విడిగా గీసిన పటం కావాలి. 2024 నవంబర్‌లో తెలంగాణలో మొదలైన ఇంటింటి సర్వేలో కులం లెక్క తేలింది, ఎస్సీలు 17.43 శాతం. ఆ జాబితాను కార్డుల జాబితా పక్కన పెట్టొచ్చు. రెండూ కలవని ఇల్లు కనబడ్డప్పుడు పేరు కొట్టేయకూడదు, ఆ ఇంటికి మనిషిని పంపాలి. 2016లో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. ఏ ఇంట్లో కోడలు పేరు ఎక్కలేదో, ఎవరు వేరుపడి కార్డు లేకుండా ఉన్నారో ఆశా కార్యకర్తకు తెలుసు. ఆమెను అడగాలి. వలసపోయినవాళ్లు ఇంటికొచ్చే పండుగ దినాల్లో శిబిరం పెట్టాలి. జాబితాను వాడలోనే చదివి వినిపించాలి. కులమూ జబ్బూ పక్కపక్కన రాసిన కాగితాన్ని మాత్రం గోడకు అంటించకూడదు, అది ఇంకో ముద్ర అవుతుంది.

కార్డు దొరికితే ఆరోగ్యం దొరికినట్టు కాదన్నది కూడా మరవొద్దు. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. కానీ అది ప్రధానంగా మంచం ఎక్కినవాడికి. రోజూ మింగాల్సిన బీపీ గోలీకి, ఆసుపత్రికి పోయిన దినం పోయిన కూలికి అందులో జవాబు లేదు.

2025 ఉగాదికి సన్నబియ్యం పంపిణీ హుజూర్‌నగర్‌లోనే మొదలైంది. అదే ఏడాది జూలైలో కొత్త రేషన్‌కార్డుల పంపిణీ ఇదే సూర్యాపేట జిల్లాలోని తిరుమలగిరిలో మొదలైంది. ఎన్ని కార్డులిచ్చారో ప్రభుత్వం చెబుతుంది. ఎవరికి రాలేదో మనం చెప్పాలి. విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు ఎవరి వాడకు వాళ్లు పోయి, గడప గడపకూ పేర్లు రాసుకొని, పటం గీసి, తహశీల్దారు టేబుల్ మీద పెట్టొచ్చు. దీనికి కంప్యూటర్ లేకున్నా నడుస్తది. ఒక నోట్‌బుక్కు, నాలుగు సాయంత్రాలు చాలు.