ఒక్క అయ్యగారు, ఊరంత సేవ

కర్ణాటకలోని తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీకి దగ్గర్లో ఉన్న కూరెకుప్ప లాంటి ఊళ్లో ఆదివారం అందరికీ ఒకేసారి రాదు. కొలిమి ఆరదు, షిఫ్టులు ఆగవు. పొద్దున ఆరాధనకు రాలేనివాళ్లకు సాయంత్రం కూడిక కావాలి, నైట్ షిఫ్టు దిగినవాళ్లకు ఇంట్లో ప్రార్థన కావాలి. ఈ సండూరు తాలూకాలో కన్నడిగుల పక్కనే తెలుగువాళ్లుంటారు, వాక్యం రెండు భాషల్లోనూ చెప్పాలి. వీటికి తోడు ఉపవాస ప్రార్థనలు, స్త్రీల కూడిక, యవ్వనస్థుల కూడిక, ఆస్పత్రి పరామర్శలు, గృహప్రవేశాలు, భూస్థాపనలు. ఇవన్నీ ఒక్కడే మోసే అయ్యగారు, అంటే సంఘకాపరి, అలసిపోయాడంటే మనం ఇచ్చే సలహా ఒకటే: డైరీ రాసుకోండి, ఇంకాస్త పెందలాడే లేవండి. ఆ సలహాతో నాకు పేచీ ఉంది. రోజును ఎంత ఒద్దికగా సర్దుకున్నా ఒక మనిషి ఇద్దరు కాలేడు. సంఘాల్లో పనులు పంచుతున్నాం, అధికారం మాత్రం పంచడం లేదు. భారం తగ్గకపోవడానికి కారణం అక్కడుంది.

తెలుగు క్రైస్తవ చరిత్రలో ఇంతకన్నా పెద్ద భారం ఒకసారి వచ్చింది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న జనానికి కూలి పని చూపించాడు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంగతిని మనవాళ్లు ఎప్పుడూ అంకె కోసమే చెప్పుకుంటారు. నన్ను నిలబెట్టేది అక్కడ పని జరిగిన తీరు. ఏటిలో దిగి బాప్తిస్మం ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు; ఆ జంట అలసిపోతే గట్టెక్కేది, ఇంకో జంట దిగేది. సేవలో అన్నిటికన్నా గౌరవమైన పనినే క్లౌ దొర తన దగ్గర అట్టేపెట్టుకోకుండా వాళ్ల చేతికిచ్చాడు. ఆ తర్వాత పల్లెపల్లెకూ చెదిరి ఉన్న విశ్వాసులను చూసుకున్నదీ పల్లె బోధకులు, పెద్దలు, బైబిలు స్త్రీలే. బోధకులు మూణ్ణెల్లకోసారి ఒంగోలులో కలిసేవారు, తిరిగి తమ పల్లెలకు వెళ్లిపోయేవారు. ఇవాళ మన సంఘాల్లో పంచుతున్నదేమిటి? చాపలు పరచడం, మైకు సెట్టు చూసుకోవడం, కానుకలు లెక్కపెట్టడం. ప్రార్థన, వాక్యం, తగవు తీర్చడం అయ్యగారి దగ్గరే ఉండిపోతున్నాయి. అలసట తెచ్చేవి అవే.

గ్రంథంలోనూ ఇదే కనిపిస్తుంది. మోషే పొద్దుటినుంచి సాయంత్రం దాకా తీర్పులు చెబుతుంటే చూసిన మామ యిత్రో, వేయిమందికీ వందమందికీ యాభైమందికీ పదిమందికీ పెద్దలను పెట్టి చిన్న వ్యాజ్యాలు వాళ్లనే తీర్చనివ్వమన్నాడు. అపొస్తలుల కార్యాల్లో బల్లల దగ్గర వడ్డన కోసం ఏర్పరచిన ఏడుగురిలో స్తెఫను మహాబోధకుడయ్యాడు, ఫిలిప్పు ఐతియొపీయుడికి బాప్తిస్మమిచ్చాడు. చిన్న పని కోసం పిలిచినా వాళ్లను అక్కడే కట్టిపడేయలేదు. మళ్లీ తెలుగు నేలకు వస్తే, 1912లో దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్య కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తలమీద చెయ్యి పెట్టించి, "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని పలికించేవాడు. చదువు రాని కూలివాడైనా ఆ బాధ్యతకు తగనివాడని ఆయన అనుకోలేదు.

అయ్యగారు స్వయంగా వచ్చి ప్రార్థిస్తేనే జనానికి తృప్తి అంటారు. నిజమే, కానీ ఆ అలవాటు మనం నేర్పిందే. పెద్ద గానీ స్త్రీల కూడిక నడిపే అమ్మ గానీ వెళ్లినప్పుడు, "వీళ్లు సంఘం పంపగా వచ్చారు" అని పాస్టరు ఆరాధనలో అందరి ముందూ చెప్పి ఉంటే ఆ రాక లోటుగా అనిపించదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: పెద్దలకు అధికారమిస్తే సంఘం చీలుతుందని. చీలికలు మన తెలుగు సంఘాలను ఎంత గాయపరిచాయో తెలియనివాళ్లు లేరు కాబట్టి దీన్ని తేలిగ్గా తోసేయలేను. అయినా అధికారమంతా ఒక్కరి దగ్గరున్న సంఘాలూ చీలాయి. మూణ్ణెల్లకోసారి కూర్చుని లెక్క చెప్పుకునే ఒంగోలు పద్ధతి ఆ భయానికి కొంత మందు. పోతే, ప్రభువు కోసం అరిగిపోవడమే త్యాగం అనే మాట. పాస్టరమ్మ జీతం లేకుండా సగం సేవ మోస్తూ, పిల్లలు తండ్రిని ఆరాధనలో తప్ప చూడని ఇంట్లో ఆ త్యాగం చేస్తున్నది ఆయన ఒక్కడే కాదు. వాళ్లనెవరూ అడిగి ఆ బరువు పెట్టలేదు.

సంఘ పెద్దలకు నా విన్నపం ఇది. వచ్చే కమిటీ కూటంలో గృహ ప్రార్థనలు, ఆస్పత్రి పరామర్శలు ఎవరెవరు చేస్తారో పేర్లతో రాసి గోడకు అంటించండి. నైట్ షిఫ్టు వాళ్ల కూడికను షిఫ్టుల్లో పనిచేసే విశ్వాసికే అప్పగించండి. వారంలో ఒక రోజు పాస్టరు గారి ఇంటి తలుపు తట్టకండి.